కస్టమర్ పంపిన షీట్‌లో కార్బన్ లెక్క నింపమంటున్నారు, ఇది నిజంగా అకౌంట్స్ వాళ్ళ పనేనా?

అంబత్తూరు_ఖాతాలు
నేను చెన్నైలో అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ప్రెస్ షాప్‌లో అకౌంట్స్ చూస్తాను. 90 మందిమి, లిస్టెడ్ కాదు, షీట్ మెటల్ పార్టులు కొట్టి ఒక పెద్ద లిస్టెడ్ కంపెనీకి వేస్తాం, మా అమ్మకాల్లో సగం పైన వాళ్ళకే. పోయిన సోమవారం వాళ్ళ పర్చేజ్ నుంచి 11 షీట్ల ఎక్సెల్ ఒకటి వచ్చింది. ఏడాదికి కరెంటు ఎన్ని యూనిట్లు, డీజిల్ ఎన్ని లీటర్లు, నీళ్ళు ఎక్కణ్ణుంచి ఎన్ని కిలోలీటర్లు, స్క్రాప్ ఎంత ఎవరికి పోయింది, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, మొత్తం జీతాల్లో ఆడవాళ్ళకి ఇచ్చింది ఎంత శాతం, అన్నీ శుక్రవారం లోపు కావాలట.

మా ఎండీ గారిని అడిగితే "ఏదో ఒక నంబర్ వేసి పంపించెయ్, ఎవరు చూస్తారు" అన్నారు. ఆ మాట దగ్గరే ఆగిపోయా. పదిహేనేళ్ళ నుంచి వోచర్ లేకుండా ఒక్క రూపాయి ఎంట్రీ వేయలేదు నేను. టాలీ తెరిచి డీజిల్ లెడ్జర్ చూస్తే అన్నీ రూపాయలే, లీటర్లు ఒక్కచోట లేవు. నీళ్ళ లారీకి పెట్టీ క్యాష్‌లో "వాటర్" అని రాసి డబ్బులు ఇచ్చేశాం, అంతే. ఇది నా పనేనా, నా పనైతే ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

పీణ్య_ప్రసాద్
నీ పని కాదు. పెద్ద కంపెనీ రిపోర్టు అందంగా కనపడ్డానికి చిన్నోళ్ళ నెత్తిన రుద్దుతున్నారు. బెంగళూర్లో నాకూ ఇలాంటివి మూడు వచ్చినాయి ఈ ఏడు, మూడు కంపెనీలు మూడు ఫార్మాట్లు. పార్టు రేటు మాత్రం నాలుగేళ్ళ నుంచి పైసా పెంచింది లేదు.

నెల్లూరు_చేపలపులుసు
రేటు గురించి ప్రసాదన్న చెప్పింది కరెక్టే. మా దాంట్లో కూడా అంతే.

వైట్‌ఫీల్డ్_వాణి
నేను అవతలి వైపు ఉన్నాను, అంటే ఆ ఎక్సెల్ పంపే వైపు. బెంగళూరులో ఒక లిస్టెడ్ కంపెనీ రిపోర్టింగ్ టీమ్. మాకూ పైనుంచి వస్తుందండి ఇది. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2021 మేలో బీఆర్ఎస్ఆర్ తెచ్చింది, అంటే కంపెనీ పర్యావరణం, మనుషుల విషయంలో ఎలా నడుస్తోందో ఏటా చెప్పే రిపోర్టు, మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి 2022-23 నుంచి తప్పనిసరి. 2023 జులైలో అందులోంచి ముఖ్యమైనవి ఏరి బీఆర్ఎస్ఆర్ కోర్ అన్నారు, కార్బన్, నీళ్ళు, ఎనర్జీ, వ్యర్థాలు, కార్మికుల భద్రత ఇలా తొమ్మిది అంశాలు. అవి మూడో మనిషి చేత చెక్ చేయించాలి. 2023-24లో మొదటి 150 కంపెనీలతో మొదలై 2026-27కి 1000కి చేరుతుంది.

సప్లయర్ల లెక్కలు మొదట మొదటి 250 కంపెనీలకి 2024-25 నుంచే అన్నారు, తర్వాత ఒక ఏడాది వాయిదా వేసి స్వచ్ఛందం చేశారు. అది కూడా మా కొనుగోళ్ళలో విడిగా 2 శాతం పైన ఉన్న సప్లయర్లే. కాబట్టి అంబత్తూరు గారూ, మీరు ఆ 2 శాతంలో ఉన్నారో లేదో ముందు అడగండి. గడువు పెంచమని కూడా అడగండి. నేనైతే ఇస్తాను. ఖాళీ సెల్ వస్తే మేం ఫోన్ చేసి అడగ్గలం, కల్పించిన నంబర్ వస్తే దాన్ని పట్టుకునే దారి మాకు లేదు. అదే మా పేరు మీద అచ్చవుతుంది.

అంబత్తూరు_ఖాతాలు
వాణి గారూ, ఈ 2 శాతం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. రేపే ఫోన్ చేస్తా.

అడయార్_సీఏ_రమణ
ఇది అకౌంట్స్ వాళ్ళ పనే, ఇంకెవరి పనీ కాదు అని నా గట్టి నమ్మకం. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నేను గత రెండేళ్ళలో కొన్ని కంపెనీలకి ఈ అష్యూరెన్స్ పని, అంటే మూడో మనిషిగా లెక్క చెక్ చేసే పని చేశాను. ఎక్కడికి వెళ్ళినా ఒకటే సీను. పర్యావరణం టీమ్ ఒక ఎక్సెల్ చూపిస్తుంది, అందులో డీజిల్ 84,000 లీటర్లు. అకౌంట్స్‌కి వెళ్ళి డీజిల్ ఖర్చు తీసుకుని సగటు రేటుతో భాగిస్తే 1,10,000 లీటర్లు వస్తుంది. మధ్యలో 26,000 లీటర్లు ఏమయ్యాయి? ఒక చోట ఫోర్క్‌లిఫ్ట్ డీజిల్ మర్చిపోయారు, ఇంకోచోట కాంట్రాక్టర్ మన బంకు అకౌంట్ మీద కొట్టించుకున్నాడు. బిల్లు మీద లీటర్లు ఉన్నాయండీ. బంకు వాడు రాశాడు. మనం ఎంట్రీ వేసేటప్పుడు రూపాయలు ఎక్కించి లీటర్లు వదిలేశాం. మన చేతిలోంచే జారిపోయిన అంకెను ఇప్పుడు కన్సల్టెంట్‌కి డబ్బులిచ్చి అంచనా వేయిస్తున్నాం.

అంబత్తూరు గారూ, మీరు చేయాల్సింది ఇది. బంకు బిల్లులు 12 నెలలవి కింద పరిచి లీటర్లు కొట్టుకుంటూ పోండి. దాన్ని జనరేటర్ లాగ్ బుక్‌తో, లెడ్జర్ మొత్తంతో సరిచూడండి. మూడూ దగ్గరగా వస్తే మీ నంబర్ నిలబడుతుంది. డీజిల్ లీటర్‌కి సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్. కరెంటుకి ఈబీ బిల్లులో యూనిట్లు ఉంటాయి, సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ వాళ్ళు ఏటా గ్రిడ్ కరెంటుకి సగటు కార్బన్ ఎంతో ఇస్తారు, 2023-24కి యూనిట్‌కి 0.727 కిలో. గుణించడం ఎవరైనా చేస్తారు, గుణించే అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించడమే మన విద్య.

అంబత్తూరు_ఖాతాలు
ఇప్పుడే ఉరామరిగా వేశా. మాకు ఏడాదికి 6 లక్షల యూనిట్ల దాకా కాలుతుంది, అంటే 436 టన్నులు. డీజిల్ 9,000 లీటర్లు అనుకుంటే 24 టన్నులు. నేను ఇన్నాళ్ళూ జనరేటర్ పొగ చూసి అదే పెద్దది అనుకున్నా!

కరీంనగర్_మల్లేశ్
గదే చూడు తమ్మీ, కండ్లకు కనవడే పొగ చిన్నది, వైర్ల వచ్చేది పెద్దది. జనరేటర్ పొగ నీ ఆవరణల లేస్తది కాబట్టి స్కోప్ 1, కరెంటు పొగ ఏడనో థర్మల్ ప్లాంట్ల లేస్తది, స్కోప్ 2. నువ్వు కొనే స్టీల్‌ది స్కోప్ 3, అది ఈ రెండిటికన్న ఎక్కువుంటది నీ అసోంటి ప్రెస్ షాప్‌కు. బెంగళూర్ల మా ప్లాంట్ల కూడ అంతే.

ఇంకోటి, ఏసీ గ్యాస్ మరువకు. ఎవ్వరికి యాదికుండది. ఆర్-410ఏ గ్యాస్ ఒక కిలో లీకైతే దగ్గర దగ్గర 2,000 కిలోల కార్బన్‌తో సమానం. ఏడాదికి 10 కిలోలు నింపిచ్చినవనుకో, 20 టన్నులు. నీ డీజిల్ మొత్తంతోని దాదాపు సమానమైతది! ఏసీల సర్వీసు కాంట్రాక్టు (ఏఎంసీ) వాని రిపోర్ట్ మీద ఎన్ని కిలోలు నింపిండో రాస్తడు, అది అడిగి తీస్కో.

అడయార్_సీఏ_రమణ
మల్లేశ్ గారు మంచి పాయింట్ పట్టారు. చిన్న సవరణ, పాత ఏసీల్లో ఆర్-22 ఉంటే దాన్ని స్కోప్ 1లో కలపకూడదు, అది ఓజోన్ పొరని కాపాడే మాంట్రియల్ ఒప్పందం కిందికి వస్తుంది, విడిగా చూపించాలి.

పీణ్య_ప్రసాద్
ఇదంతా చేయడానికి మనిషి ఎవుడు? రమణ గారూ, మీ కంపెనీల్లో టీములుంటాయి. నాకు ఉండేది ఒక అకౌంటెంట్, ఆ పిల్లే జీఎస్టీ, ఆ పిల్లే పీఎఫ్, ఆ పిల్లే బ్యాంకు. లీటర్లు కూడా రాయమంటే రాత్రి ఎనిమిదికి ఇంటికి పోవాల.

టి_నగర్_తాతయ్య
ప్రసాద్ బాబూ, నీ బాధ నిజం. కానీ ఇది కొత్త పని అని మాత్రం అనొద్దు. నేను 34 ఏళ్ళు కాస్ట్ అకౌంటెంట్‌గా చేసి రిటైరయ్యాను. 1988లో వచ్చిన రూల్స్ ప్రకారం డైరెక్టర్ల నివేదికకి ఫారం-ఏ అని జత చేసేవాళ్ళం, చాలా పరిశ్రమలకి తప్పనిసరి. ఎన్ని యూనిట్లు కొన్నాం, సొంత జనరేటర్‌లో లీటర్ డీజిల్‌కి ఎన్ని యూనిట్లు తీశాం, బొగ్గు ఎన్ని టన్నులు, ఒక్కో యూనిట్ ఉత్పత్తికి ఎంత కరెంటు, అన్నీ అందులోనే. కాస్ట్ షీట్‌లో రూపాయి పక్కన పరిమాణం లేకపోతే మా మేనేజర్ కాగితం విసిరికొట్టేవారు. కంప్యూటర్ వచ్చాక రూపాయి మిగిలింది, పరిమాణం పోయింది.

ఇంకో సంగతి. నేను ఉద్యోగం మొదలెట్టింది రాణిపేటలో. పాలారు పక్కన బావుల్లో నీళ్ళు తోడితే నురగ వచ్చేది, పశువులు మూతి పెట్టేవి కావు. తోళ్ళ ఫ్యాక్టరీలకి ఆ రోజుల్లో మంచి లాభాలు, ఎగుమతులు, బ్యాలెన్స్ షీట్లు కళకళలాడేవి. అక్కడ సాగు భూమి దాదాపు 35,000 హెక్టార్లు కొంతో పూర్తిగానో పాడైపోయిందని 1996లో వెల్లూరు కేసులో సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. చెడగొట్టినవాడే కట్టాలి అన్నది మన దేశంలో గట్టిగా నిలబెట్టిన తీర్పుల్లో అదొకటి. ఆ భూమి నష్టం ఏ కంపెనీ పుస్తకంలోనైనా ఖర్చుగా ఎక్కిందా? ఎక్కలేదు. రైతు పుస్తకంలో ఎక్కింది, ఆయనకి పుస్తకం లేదు. నేనూ ఆ లెక్కలు రాసినవాళ్ళలో ఉన్నాను, కాబట్టే చెబుతున్నాను.

నెల్లూరు_చేపలపులుసు
తాతయ్య గారూ, చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

ఓఎంఆర్_మాధవి
నీళ్ళ మాట వచ్చింది కాబట్టి నాది కూడా. 2019 జూన్ గుర్తుందా చెన్నై వాళ్ళకి? చెంబరంబాక్కం, పూండి, రెడ్‌హిల్స్, చోళవరం నాలుగూ ఎండిపోయాయి. మా ఆఫీసులో కొళాయిలు సగం కట్టేసి, కొందర్ని ఇంటి నుంచే పని చేయమన్నారు, జులైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. నేను ఫైనాన్స్‌లో ఉన్నా అప్పుడు. లారీ నీళ్ళ బిల్లు ఆ రెండు నెలలు నాలుగింతలైంది. అయినా వార్షిక నివేదికలో రిస్కుల పేజీలో కరెన్సీ రేటు ఉంది, ఉద్యోగుల వలస ఉంది, నీళ్ళు అన్న మాట లేదు. నేను అడిగితే "అది అడ్మిన్ సబ్జెక్ట్" అన్నారు. ఒక ఊళ్ళో నీళ్ళు అయిపోతే ఆఫీసు మూతపడుతుంది అన్నది అడ్మిన్ సబ్జెక్ట్ ఎలా అవుతుంది?

వైట్‌ఫీల్డ్_వాణి
2024 మార్చిలో బెంగళూరు కథ కూడా అదే మాధవీ. బోర్లు ఎండిపోయి మా అపార్ట్‌మెంట్‌లో రోజుకి రెండు గంటలే నీళ్ళు.

మీరు చెప్పిందే ఐఎస్ఎస్‌బీ (ఇలాంటి రిపోర్టులకి అంతర్జాతీయ ప్రమాణాలు రాసే బోర్డు) వాళ్ళ ఎస్1, ఎస్2 ప్రమాణాల్లో మొదటి ప్రశ్న. 2023 జూన్‌లో వచ్చాయి అవి. ప్రకృతి వల్ల, వాతావరణం వల్ల ఈ కంపెనీ డబ్బు రాకపోకలకి ఏం దెబ్బ తగలొచ్చు, అది పెట్టుబడిదారుడికి చెప్పాలి అంటాయి. జీఆర్ఐ అని ప్రమాణాలు రాసే ఇంకో అంతర్జాతీయ సంస్థ ఉంది, వాళ్ళది తిరగేసిన ప్రశ్న, ఈ కంపెనీ వల్ల బయటి జనానికీ నేలకీ ఏం దెబ్బ తగులుతోంది అని. మాధవి చెప్పింది మొదటిది, తాతయ్య గారు చెప్పింది రెండోది. నాకైతే రెండూ కావాలి.

అడయార్_సీఏ_రమణ
ఇక్కడ నేను కొంచెం తేడాగా ఆలోచిస్తా వాణి గారూ. అన్నీ కావాలంటే 200 పేజీలు అవుతుంది, ఎవరూ చదవరు. డబ్బుకి ముడిపడేది ముందు గట్టిగా పట్టుకోవాలి. ఉదాహరణకి గని తవ్వితే మళ్ళీ పూడ్చే బాధ్యతకి ఇండ్ ఏఎస్ 37 అనే అకౌంటింగ్ ప్రమాణం కింద ప్రొవిజన్ (రాబోయే ఖర్చుని ముందే పుస్తకాల్లో చూపించడం) పెట్టాల్సిందే, అది బ్యాలెన్స్ షీట్‌లో కనపడే పర్యావరణం. అలాంటి ముడులు పెరిగితే మిగతావి వాటంతట అవే వస్తాయి.

టి_నగర్_తాతయ్య
రాలేదు కదా రమణా. పాలారు విషయంలో 30 ఏళ్ళు రాలేదు. కోర్టు కొడితే వచ్చింది.

అడయార్_సీఏ_రమణ
అది నిజమే గురువుగారూ. దానికి నా దగ్గర జవాబు లేదు.

గుమ్మిడిపూండి_బోల్టులు
మేం బోల్టులు, స్క్రూలు యూరప్ పంపుతాం. అక్కడ సీబామ్ అని కార్బన్ సుంకం, 2023 అక్టోబర్ నుంచి రిపోర్టు, 2026 జనవరి నుంచి వెళ్ళే సరుకుకి డబ్బులు. స్టీల్, అల్యూమినియం, సిమెంట్, ఎరువులు, బోల్టులు కూడా ఉన్నాయి అందులో. మా జర్మనీ కస్టమర్ టన్ను బోల్టుకి ఎంత కార్బన్ అని అడిగితే మాకు తెలిసింది ఏంటంటే, మా ఫర్నేస్‌ది కొంచెం, వైర్ రాడ్ తయారుచేసిన మిల్లుదే అసలు. మిల్లుని అడిగితే ఆరు నెలలు తిప్పారు. అసలు లెక్క ఇవ్వకపోతే వాళ్ళు పెట్టుకున్న డిఫాల్ట్ అంకె పడుతుంది, అది మాకు నష్టమే. ప్రసాద్ అన్నా, లెక్క రాయకపోతే వచ్చే ఖర్చు ఇది. నిజం లెక్క ఉన్నవాడికి ఆర్డర్ పోతుంది.

పీణ్య_ప్రసాద్
సరే, ఎగుమతోళ్ళకి అర్థమయింది. కానీ నా మాట కూడా ఇనండి. ఆ లెక్క రాసే ఖర్చు రేటులో కలపమని మీరందరూ మీ కస్టమర్లని అడగండి, నేనూ అడుగుతా. అంబత్తూరాయన ఒక్కడే అడిగితే ఆర్డర్ పోతుంది, పదిమంది అడిగితే ఇనాల్సొస్తుంది.

వైట్‌ఫీల్డ్_వాణి
ప్రసాద్ గారు చెప్పింది న్యాయం. మా కంపెనీలో మూడు ఫార్మాట్లు ఒకటి చేయమని నేను పోరాడుతున్నా, మీ మాట అక్కడ ఎత్తుతాను. నిజంగా.

కరీంనగర్_మల్లేశ్
రిపోర్టులు చదివేటోళ్ళకు ఒక సంగతి చెప్త. "ఉద్గారాల తీవ్రత 8 శాతం తగ్గింది" అని పెద్దక్షరాలల్ల రాస్తరు. తీవ్రత అంటే టన్నులను అమ్మకాలతోని భాగించుడు. పోయినేడు 100 కోట్ల అమ్మకం, 500 టన్నులు, కోటికి 5. ఈ ఏడు సరుకు రేటు పెంచి 120 కోట్లు చేసిండు, టన్నులు 550 అయినయ్, కోటికి 4.58. తీవ్రత తగ్గింది, పొగ 10 శాతం పెరిగింది! రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చదవాలె. సరుకు టన్నుకు ఎంత అని అడగాలె, అప్పుడు రేటు మాయ పోతది.

శ్రీపెరంబుదూర్_సేఫ్టీ
అందరూ కార్బన్, నీళ్ళు అంటున్నారు. ఇందులో మనుషులు కూడా ఉన్నారు. నేను సేఫ్టీ ఆఫీసర్ని, ఇంతకుముందు పనిచేసిన ఒక ప్లాంట్‌లో జరిగింది చెబుతా. పవర్ ప్రెస్ మీద ఒకబ్బాయికి రెండు వేళ్ళు పోయాయి, మన శ్రీకాకుళం అబ్బాయే, 22 ఏళ్ళు. ఆ ఏడాది రిపోర్టులో పనిగంటలు పోయిన ప్రమాదాలు సున్నా అని వచ్చింది. ఎలా అంటే వాడు కాంట్రాక్టర్ మనిషి, మన రోల్స్ మీద లేడు అన్నారు. బీఆర్ఎస్ఆర్‌లో శాశ్వతం కాని కార్మికుల్ని కూడా లెక్కలో చూపించాలి, పది లక్షల పనిగంటలకి ఎన్ని ప్రమాదాలు అన్న రేటు వాళ్ళకీ ఇవ్వాలి. నేను ఆ సున్నా మీద సంతకం పెట్టలేదు, తర్వాత అక్కడ ఎక్కువ రోజులు లేను. ఆ అబ్బాయి ఆసుపత్రిలో నన్ను "సార్, నా పేరు ఎక్కడైనా రాశారా" అని అడిగాడు. పరిహారం కాగితం కోసం అడిగాడు వాడు, కానీ ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

అంబత్తూరు గారూ, మీదీ ప్రెస్ షాపే. దెబ్బల కాలమ్ నింపేటప్పుడు లేబర్ కాంట్రాక్టర్ హాజరు పట్టీ, ఈఎస్ఐ కాగితాలు తీసి చూడండి.

ఓఎంఆర్_మాధవి
సంతకం పెట్టకుండా నిలబడ్డారు చూడండి, మీకు దండం అన్నా.

నెల్లూరు_చేపలపులుసు
మా ఓనర్ ఇలాంటి ఫారం వస్తే మొక్కలు నాటిన ఫోటోలు జతచేయమంటాడు. అది సీఎస్ఆర్ కదా, ఇదీ అదీ ఒకటేనా?

అడయార్_సీఏ_రమణ
ఒకటి కాదు. సీఎస్ఆర్ 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135, పరిమితి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం బయట సమాజం మీద ఖర్చు పెట్టడం. ఇది మీ వ్యాపారం లోపల ఏం జరుగుతోందో చెప్పడం. లాభం ఎలా వచ్చింది అన్న ప్రశ్నకి, వచ్చిన లాభంలో ఎంత దానం చేశాం అన్నది జవాబు కాదు.

అంబత్తూరు_ఖాతాలు
అప్‌డేట్. కస్టమర్‌కి ఫోన్ చేశా, మేం 2 శాతంలో ఉన్నామట, గడువు మూడు వారాలు పెంచారు. ఈబీ బిల్లులు 12 కి 12 దొరికాయి. డీజిల్ బిల్లులు కలిపితే 9,340 లీటర్లు, లాగ్ బుక్‌లో 8,900, తేడా స్టోర్స్ వాళ్ళు క్లీనింగ్‌కి వాడినదట, అది కూడా రాయించా. ఏసీ గ్యాస్ 4 కిలోలు, ఆర్-410ఏ. దెబ్బల రిజిస్టర్‌లో ఒకటి ఉంటే కాంట్రాక్టర్ దగ్గర రెండు దొరికాయి, మూడూ వేశాను.

నీళ్ళే కుదర్లేదు. లారీ వాళ్ళ స్లిప్పుల మీద డబ్బు తప్ప లీటర్లు లేవు, బోరుకి మీటర్ లేదు. ఎండీ గారి దగ్గరికి ఎక్సెల్ తీసుకెళ్ళి, నీళ్ళ గళ్ళు రెండూ ఖాళీగా పెట్టి పక్కన "కొలత లేదు, ఈ ఏప్రిల్ నుంచి కొలుస్తున్నాం" అని రాస్తాను, అంకె మాత్రం కల్పించను అన్నాను. ఆయన కాసేపు చూసి, బోరు మీటర్‌కి ఎంతవుతుంది అని అడిగారు. కొటేషన్ తెప్పించాను, పీఓ మీద సంతకం పెట్టారు.

వైట్‌ఫీల్డ్_వాణి
ఆ రెండు ఖాళీ గళ్ళకి చాలా థాంక్స్. లారీ నీళ్ళని మాత్రం బోరుతో కలపకండి, లారీవి "మూడో వ్యక్తి నుంచి కొన్న నీళ్ళు" కిందికి వస్తాయి, బోరుది భూగర్భ జలం.

పీణ్య_ప్రసాద్
మీటర్ ఏ కంపెనీదో, ఎంతయిందో చెప్పు అన్నా. నాకూ ఒక బోరుంది.

అంబత్తూరు_ఖాతాలు
ఇన్‌బాక్స్‌లో పంపుతా ప్రసాదన్నా. ఇవాళ నీళ్ళ లారీ వచ్చినప్పుడు వాచ్‌మన్ స్లిప్పు మీద 12,000 లీటర్లు అని రాయించి, బండి నంబర్ వేయించి, డ్రైవర్ చేత సంతకం పెట్టించాడు. ఫైల్లో మొదటి స్లిప్పు అదే.

టి_నగర్_తాతయ్య
ఆ లారీ నిజంగా 12,000 పట్టేదేనా? ఒకసారి కొలిపించు నాయనా.

అంబత్తూరు_ఖాతాలు
రేపు లారీ నీళ్ళు పోసే ముందొకసారి, పోశాక ఒకసారి సంప్‌లో కర్ర దించి చూస్తా తాతగారూ.